నల్లగా ఉన్నవాళ్ళ చర్మం ఎండకు కమలదా? సోలార్ సైటు కూలీలకు ఏం ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి?

సైటు_సేఫ్టీ_కర్నూలు

ఓర్వకల్లు వైపు సోలార్ ప్యానెళ్ళు బిగించే పనిలో 50 మంది ఉన్నారు. చామనఛాయ మొదలుకొని బాగా నలుపు దాకా అన్ని రంగులవాళ్ళూ ఉన్నారు. పని ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు. వడదెబ్బకి మజ్జిగ, ఓఆర్‌ఎస్, నీడకి షెడ్డు ఏర్పాటు అయ్యాయి. చర్మం సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోవట్లేదు. సన్‌స్క్రీన్ కొనమని రాసి పంపితే "వాళ్ళు ఎండలో పుట్టి పెరిగినవాళ్ళు, అలాంటివి తెల్లవాళ్ళకి" అని కొట్టేశారు.

మళ్ళీ రాసి పంపాలి, ఈసారి లెక్కలతో. నల్లటి చర్మానికి సహజంగా ఉన్న రక్షణ ఎంత? కమిలిందో లేదో రంగు చూసి తెలియనప్పుడు ఎలా కనిపెట్టాలి? సన్‌స్క్రీన్ ఏ రకం, మనిషికి ఎన్ని గ్రాములు? డబ్బు తక్కువుంటే ముందు దేనిమీద పెట్టాలి?

చర్మవైద్యురాలు_కడప

మీకు వచ్చిన జవాబులో కొంచెం నిజముంది. ఆ కొంచెం ఎంతో తేలిస్తే మిగతాది వాళ్ళే ఒప్పుకుంటారు.

తెల్లవాళ్ళకైనా నల్లవాళ్ళకైనా రంగు తయారుచేసే కణాల సంఖ్య దాదాపు ఒకటే. తేడా అంతా ఆ కణాలు తయారుచేసే మెలనిన్ అనే రంగు పదార్థపు రేణువుల్లో ఉంది. నల్లటి చర్మంలో ఆ రేణువులు పెద్దవి, విడివిడిగా పరుచుకుని ఉంటాయి, పైచర్మం పొరలన్నిటా కనిపిస్తాయి. ఒక్కో కణంలో కేంద్రకం మీద గొడుగు పట్టినట్టు చేరతాయి. 1979లో అమెరికాలో విడి పైచర్మం మీద కొలిచినప్పుడు నల్లజాతి వారి పైచర్మం రక్షణ సుమారు ఎస్‌పీఎఫ్ 13కి, తెల్లవారిది 3కి కాస్త పైన సమానమని తేలింది. ఎస్‌పీఎఫ్ అంటే కమలకుండా ఎన్ని రెట్లు ఎక్కువ ఎండ తట్టుకోగలమో చెప్పే అంకె. మన చామనఛాయలు చాలావరకు ఈ రెంటి మధ్యలో పడతాయి.

13 అన్నది మంచి రక్షణే, కాని పది గంటల పనికి చాలదు. తెల్లటి చర్మం పావుగంటలో కమిలేచోట మన చర్మం గంటో గంటన్నరో తట్టుకుంటుందనుకోండి. మీ వాళ్ళు ఆ గంటన్నర దాటాక ఇంకా ఎనిమిది గంటలు ఎండలోనే ఉంటున్నారు.

"నలుపుకి కాలదు" అన్న మాట వైద్యుల పట్టికలోంచి కూడా వచ్చింది. ఫిట్జ్‌పాట్రిక్ 1975లో చర్మాన్ని ఎండకు కమిలే తీరును బట్టి విభజించినప్పుడు అసలు తెల్లటి చర్మానికి 4 రకాలే రాశారు. గోధుమ, నలుపు రంగులకి 5, 6 తర్వాత చేర్చారు. ఆరో రకం ఎదురుగా "ఎప్పుడూ కమలదు" అని ఉండేది. ఆ మాటనే చాలామంది ఇప్పటికీ అప్పజెబుతున్నారు. ఆరో రకం కూడా కమలుతుంది, ఎక్కువసేపు ఎండ పడాలి, అంతే.

ఇక మెలనిన్ దేన్ని ఆపలేదో చూడండి. ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత (యూవీ) కిరణాలు మన చర్మానికి చేరేవి రెండు రకాలు, యూవీబీ, యూవీఏ. కమిలించేది ముఖ్యంగా యూవీబీ, దాన్ని మెలనిన్ బాగానే అడ్డుకుంటుంది. యూవీఏ దగ్గర అంత బలం లేదు. అసలు సమస్య మామూలు వెలుతురుతో, అందులోనూ నీలి వైపు కాంతితో. తెల్లటి చర్మం మీద దీని ప్రభావం పెద్దగా కనబడదు. మన చర్మంలో మాత్రం ఇది రంగు కణాలను రెచ్చగొట్టి వారాలు, నెలలు నిలిచే నలుపు తెస్తుంది. మంగు మచ్చలు మన ఆడవాళ్ళలో ఇంత మొండిగా ఉండడానికి ఇదొక పెద్ద కారణం. ఎస్‌పీఎఫ్ అంకె ఈ నలుపు గురించి ఏమీ చెప్పదు, అది కమలడాన్ని మాత్రమే కొలుస్తుంది.

కళ్ళను మరచిపోకండి. చర్మం ఎంత నల్లగా ఉన్నా కంటికి దాని రక్షణ అందదు. ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసేవాళ్ళలో కంటి మూలనుంచి నల్లగుడ్డు మీదికి కండ పెరగడం, త్వరగా శుక్లం రావడం ఎక్కువ. సైటులో వాడే పాలీకార్బొనేట్ సేఫ్టీ కళ్ళద్దాలు రంగు లేనివైనా యూవీని దాదాపు పూర్తిగా ఆపుతాయి. యూవీ రక్షణ లేని చౌక నల్లద్దాలు ఉత్త కళ్ళకన్నా ప్రమాదం కావచ్చు. వాటి చీకటికి కంటిపాప విచ్చుకుంటుంది, లోపలికి ఎక్కువ యూవీ పోవచ్చు.

ఫార్మసీ_గుంటూరు

సన్‌స్క్రీన్ లెక్క చెప్తాను. ఇది చూశాక ముందు గుడ్డ కొంటారు, అది మంచిదే.

డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్‌ని ల్యాబులో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల మందంతో రాసి కొలుస్తారు. పెద్దవాళ్ళ ముఖం సుమారు 600 చదరపు సెంటీమీటర్లు, అంటే 1.2 గ్రాములు. మెడ, చెవులు కలిపి 0.6. రెండు చేతుల పై భాగం మణికట్టు దాకా 0.7. మొత్తం ఒకసారికి 2.5 గ్రాములు. ముఖానికి కొలత కావాలంటే చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా చెరొక గీత పిండుకోవాలి. జనం మామూలుగా రాసుకునేది ఇందులో సగమో, మూడో వంతో. అప్పుడు 50 అని రాసున్న క్రీము 25 పని కూడా నమ్మకంగా చేయదు.

చెమట పట్టే పనిలో రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. 7 నుంచి 5 దాకా అంటే 7, 9, 11, 1, 3 గంటలకి, అయిదుసార్లు. మనిషికి రోజుకు 12.5 గ్రాములు. 50 మంది, నెలకి 26 పనిదినాలు, 16 కిలోల 250 గ్రాములు. 50 గ్రాముల ట్యూబులైతే 325. ఇది ఏ సైటూ కొనదు. కొన్నా మూడో రోజు నుంచి ఎవరూ రాసుకోరు.

ఇప్పుడు మెడకి, చెవులకి గుడ్డ, చేతులకి గ్లౌజులు, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు పని ఆపు అనుకోండి. మిగిలింది ముఖం ఒక్కటే, రెండుసార్లు, 2.4 గ్రాములు. నెలకి 3 కిలోల 120 గ్రాములు, 63 ట్యూబులు. ఇలా రాసి పంపండి, కాదనడం కష్టం.

ఏ రకం? ఎస్‌పీఎఫ్ 30 సరిగ్గా రాస్తే కమిలించే కిరణాల్లో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. తేడా ఒక్క శాతమే. అయినా 50 తీసుకోమంటాను, ఎందుకంటే ఎలాగూ తక్కువే రాస్తారు. పీఏ పక్కన కనీసం మూడు ప్లస్సులు ఉండాలి, అది యూవీఏ లెక్క. నీటికి తట్టుకుంటుందని రాసి ఉండాలి.

నల్లటి చర్మానికి కొనేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ మాత్రమే ఉన్నవి తేవడం. అవి మంచి రక్షణే, కాని మన రంగు మీద బూడిద పూసినట్టు, కొన్నిసార్లు ఊదారంగు తిరిగినట్టు కనబడతాయి. పక్కవాడు ఒక్కసారి నవ్వితే ఆ మనిషి మళ్ళీ ట్యూబు ముట్టడు. కూలీలకి రంగు తేలని, చర్మంలో ఇంకే రకమే తేవాలి. టినోసార్బ్ ఎస్, యువినల్ ఏ ప్లస్ లాంటి వడపోతలు (యూవీని ఆపే రసాయనాలు) ఉన్నవి మన దేశంలో దొరుకుతాయి, ఎండలో నిలకడగా ఉంటాయి. అవోబెంజోన్ ఒక్కదాని మీదే యూవీఏ భారం పెట్టినవి, అందులోనూ ఆక్టినాక్సేట్‌తో కలిపినవి, ఎండకే విరిగిపోయి పని తగ్గిస్తాయి. అవోబెంజోన్ ఉంటే దాన్ని నిలబెట్టడానికి ఆక్టోక్రిలీన్ లాంటిది పక్కన ఉందో లేదో చూడండి.

గల్ఫ్_రిటర్న్_జగిత్యాల

డబ్బు తక్కువుంటే పనివేళలు మార్చడమే మొదటిది. అది ఖర్చు కాదు. మన కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్ళు వేలమంది పనిచేసే గల్ఫ్ దేశాల్లో ఇది చట్టంలోనే ఉంది. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని నిషేధం. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు. అక్కడ నడుస్తున్నది ఇక్కడ ఎందుకు నడవదు? మీ సైటులో 1 నుంచి 4 దాకా ఆపితే చాలు, అప్పుడే కదా మాడిపోయేది.

నీడ_లెక్క

అన్నా, పని ఆపమన్నది సరే. 1 నుంచి 4 అన్నదే తప్పు. వేడి వేరు, యూవీ వేరు.

వేడి మధ్యాహ్నం 2, 3, 4 గంటలకి ఎక్కువ. నేల కాగి గాలిని కాచడానికి టైం పడుతుంది కాబట్టి. యూవీకి ఆ ఆలస్యం లేదు. సూర్యుడు నడినెత్తికి వచ్చిన క్షణమే దాని గరిష్ఠం. కర్నూలులో మే నెలలో అది సుమారు 12:14కి. అదే విశాఖలో 12 కంటే ముందే. రోజంతటి యూవీలో సగానికి పైగా దాని ముందు రెండు గంటలు, వెనక రెండు గంటల్లోనే పడుతుంది. అంటే కర్నూలులో 10:15 నుంచి 2:15 వరకు. ఉదయం 11 గంటలకి గాలి ఇంకా ఓర్చుకునేలా ఉంటుంది, అందుకే జనం తల మీద గుడ్డ కూడా తీసేసి పనిచేస్తారు. చర్మం కమిలేది సరిగ్గా అప్పుడే.

కూలీలకి గడియారం అక్కర్లేదు, నీడ చూపించండి. నీడ మనిషికంటే పొట్టిగా ఉందంటే సూర్యుడు 45 డిగ్రీల పైన ఉన్నాడు, యూవీ గట్టిగా ఉంది. మేలో కర్నూలులో సుమారు 9:15 నుంచి 3:15 వరకు ఇదే పరిస్థితి. నీడ కాళ్ళకింద ముద్దలా ఉంటే షెడ్డులోకి పోవాల్సిందే.

ఇంకోటి. మీరు మార్చి నుంచి జూన్ దాకానే లెక్కేసుకున్నట్టున్నారు. కర్నూలు అక్షాంశానికి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు నిట్టనిలువుగా వస్తాడు, ఒకసారి మే మొదటి వారంలో, మళ్ళీ ఆగస్టు 10 ప్రాంతంలో. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3. ఆగస్టులో మబ్బులుంటాయి, చల్లగా ఉంటుంది, ఎవరూ జాగ్రత్త పడరు. పలచని మబ్బు యూవీని పెద్దగా ఆపదు. మబ్బు విడిచిన రోజు ఆగస్టు ఎండ మే ఎండకి తీసిపోదు. కప్పుకునే అలవాటు జూన్‌తో ఆపకండి.

చీరాల_నేత

గుడ్డ గురించి నేను చెప్తా. ఎక్కువమంది ఇక్కడే తప్పు కొంటారు. "తెల్లటి పలచటి నూలు చల్లగా ఉంటుంది" అని మల్లు గుడ్డ తెచ్చి పంచుతారు. చల్లగానే ఉంటుంది, కాని దారాల సందుల్లోంచి యూవీ నేరుగా దిగుతుంది. చెమటకి తడిస్తే ఇంకా పలచబడి ఇంకా ఎక్కువ దిగుతుంది.

పరీక్ష సులువు. గుడ్డను ఒంటి పొరగా వెలుతురు వైపు (నేరుగా సూర్యుడి వైపు కాదు) పట్టి చూడండి, ముఖానికి ఆనించొద్దు. అవతలి ఆకారాలు తెలిస్తే అది పనికిరాదు. చిన్న చిన్న చుక్కల్లా వెలుతురు కనబడితే ఒక మాదిరి. ఏమీ కనబడకపోతే మంచిది.

నూలు కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నం. పొందూరు సన్నఖాదీ లాంటి వంద కౌంటు గుడ్డ కట్టుకోవడానికి గొప్పది, ఎండలో పనికి కాదు. 20, 40 కౌంటు దారంతో గట్టిగా నేసిన ఖద్దరు, లేదా ఖాకీ చొక్కాలకి వాడే డ్రిల్లు గుడ్డ తీసుకోండి. పాలిస్టరు కలిసిన నూలు తడిసినా అంతగా చెడదు, త్వరగా ఆరుతుంది, సైటుకి అదే నయం. రంగు ముదురుగా ఉంటే యూవీ తక్కువ దిగుతుంది, వేడి ఎక్కువ పడుతుంది. మధ్యస్థంగా నీలం, ఖాకీ, ఇటుక రంగు చూడండి. చొక్కా ఒక సైజు వదులుగా ఉండాలి. బిగుతైతే భుజాల మీద గుడ్డ సాగి సందులు తెరుచుకుంటాయి. బైకు కుర్రాళ్ళు వేసుకునే సాగే చేతి తొడుగులకి ఇదే జబ్బు, లావుపాటి చేతిమీద సాగాక సగం రక్షణ పోతుంది.

కొత్త నూలు గుడ్డను రెండు మూడుసార్లు ఉతికి పంచండి, కుంచించుకుని నేత దగ్గరవుతుంది. మోచేతుల దగ్గర అరిగిన పాత చొక్కాలు "ఎండకి ఇవి చాలు" అని వేసుకొస్తారు, వాటిని ఒప్పుకోవద్దు.

హెల్మెట్ కింద లావు తువాలు చుట్టనీయకండి, హెల్మెట్ తల మీద కూర్చోదు. వెనక్కి వేలాడే మెడ తెరలు విడిగా దొరుకుతాయి, లేదా దర్జీ చేత కుట్టించండి. వెడల్పు 45 సెంటీమీటర్లు, పొడవు 30 సరిపోతుంది, రెండు చెవులూ మూసుకుని చొక్కా కాలర్ మీదికి రావాలి. హెల్మెట్‌కి బెజ్జాలు మాత్రం పెట్టొద్దు, లోపలి పట్టీకి క్లిప్పులతో తగిలించాలి. హెల్మెట్ అక్కర్లేని పనులకి చుట్టూ 7.5 సెంటీమీటర్ల అంచున్న టోపీ. క్రికెట్ టోపీకి ముందు అంచే, చెవులు, మెడ ఎండకే.

సైటు_సేఫ్టీ_కర్నూలు

అందరికీ నమస్కారం, ఇంత వివరం ఎక్కడా దొరకలేదు. 6 నుంచి 10:30, మళ్ళీ 3 నుంచి 6 అని వేళలు మార్చి రాస్తున్నాను. మెడ తెరలకి దర్జీని అడిగాను.

కడప మేడం గారూ, కమిలింది కనిపెట్టడం గురించి ఇంకా చెప్పలేదు. పైగా కొన్ని ప్రత్యేకమైన కేసులు ఉన్నాయి. ఇద్దరికి చేతుల మీద బొల్లి మచ్చలున్నాయి, ఒకరు ఆకుమందుల నూనె రాసుకుని వస్తున్నారు. ముగ్గురు బీపీ మాత్రలు వేసుకుంటారు. ప్యానెళ్ళు తుడిచే ఆడవాళ్ళు కొందరు ముఖం తెల్లబడడానికి నిమ్మరసం, మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము వాడుతున్నారు. ప్యానెల్ గాజు మీదినుంచి ఎండ తిరిగి కొడుతుందన్న భయం కూడా ఉంది.

చర్మవైద్యురాలు_కడప

ముందు కనిపెట్టడం. మన చర్మం మీద ఎరుపు వెతక్కండి, చేత్తో వెతకండి. ఉదయం పనిలో కమిలితే సాయంత్రానికే మంట మొదలవుతుంది. అది ముదిరేది 12 నుంచి 24 గంటల మధ్య, కాబట్టి చూడాల్సింది పని దిగేటప్పుడు ఒకసారి, మర్నాడు పొద్దున హాజరు వేసేటప్పుడు ఇంకోసారి. మీ అరచేతి వెనక భాగాన్ని అతని మెడ వెనక ఆనించి, వెంటనే చొక్కా కింద భుజం లోపలి వైపు ఆనించండి. మెడ ఎక్కువ వేడిగా ఉండి, ముట్టుకుంటే ముడుచుకుంటున్నాడా? చొక్కా కాలర్ రాసుకుంటే మండుతోందా? చర్మం బిగదీసినట్టుందా, మెరుస్తోందా? ఇందులో రెండున్నా కమిలినట్టే. చామనఛాయలో కాస్త ముదురు ఎరుపు కనిపించవచ్చు, బాగా నల్లటి చర్మంలో ఊదా లేదా ఇంకా ముదురు గోధుమ తిరుగుతుంది. మూడో రోజు తర్వాత సన్నగా పొట్టు లేస్తుంది. ఆ పొట్టు చూసి "ఒళ్ళు పొడిబారింది" అనుకుని నూనె రాసి మళ్ళీ ఎండలోకి పోతారు. ఆ పొట్టు దగ్గరే నలుపు నెలల తరబడి నిలిచిపోతుంది.

దురదతో చిన్న చిన్న పొక్కులు ముంజేతులు, మెడ వెనక వస్తే అది కమలడం కాదు, ఎండ ఒంటికి సరిపడక వచ్చే దద్దుర్లు. మన దగ్గర ఇది చాలా మామూలు, మార్చిలో ఎండ ముదిరేటప్పుడు ఎక్కువ. వాళ్ళని వైద్యుడికి చూపించండి.

బొల్లి మచ్చల్లో మెలనిన్ లేదు. చుట్టూ చర్మం ఎంత నల్లగా ఉన్నా ఆ మచ్చ చాలా త్వరగా కమలుతుంది. క్రీముతో సరిపెట్టకండి, గుడ్డతో కప్పాలి. ఆకుమందుల నూనె అంటే బావంచాలు కలిసిన నూనె కాదు కదా అని అడిగి తెలుసుకోండి. బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది, అది చర్మాన్ని యూవీఏకి పదును పెడుతుంది. వైద్యులు దాన్ని లెక్కపెట్టి నిమిషాల ఎండతో కలిపి వాడతారు. అది రాసుకుని గంటలకొద్దీ సైటులో ఉంటే మచ్చ మీద నీటిబొబ్బలు ఖాయం. ఎండ పనికి వచ్చే రోజుల్లో ఆ నూనె ఆపి, చికిత్స చేస్తున్నవారితో మాట్లాడమనండి.

నిమ్మరసం కూడా అదే దారి. నిమ్మతొక్కలో, రసంలో ఉండే పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి. కారిన చారల్లా, వేళ్ళ ముద్రల్లా నల్లటి మచ్చలు మిగులుతాయి. తెల్లబడాలని రాసుకున్నది ఎక్కువ నలుపు తెస్తుందని ఆ అమ్మలకి నెమ్మదిగా చెప్పండి. మజ్జిగలోకి, షర్బతుకి నిమ్మకాయలు పిండినవాళ్ళు కూడా సబ్బుతో చేతులు కడుక్కుని ఎండలోకి రావాలి.

మెడికల్ షాపు క్రీము గురించి గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది. ఫెయిర్‌నెస్ పేరుతో ఇచ్చేవాటిలో చాలా చోట్ల మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ మూడూ కలిసి ఉంటాయి. వైద్యుడు కొన్ని వారాలకి రాసే మందు అది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎండ సోకగానే మండుతుంది, ఆపితే ముఖం ఎర్రబడి మొటిమలు లేస్తాయి. ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములను 2018లో చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. ట్యూబు తెచ్చి చూపించమనండి, పేరు చివర "సోన్", "సాల్" లాంటివుంటే చర్మవైద్యుడి దగ్గరికి పంపండి. చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపమనకండి.

బీపీ మాత్రల పట్టీ మీద హైడ్రోక్లోరోథయజైడ్ ఉందేమో చూడండి, పేరు చివర హెచ్ అక్షరం ఉన్న మిశ్రమాల్లో ఎక్కువగా అదే. ఎండకి చర్మాన్ని సున్నితం చేస్తుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా అంతే. ఏ మాత్రా వాళ్ళంతట వాళ్ళు ఆపకూడదు, రాసిన వైద్యుడిని అడిగితే మార్చగలరేమో చూస్తారు. అప్పటిదాకా నిండు చొక్కా, మెడ తెర తప్పనిసరి.

ప్యానెల్ గాజు గురించి భయం తక్కువ పెట్టుకోండి, అది వెలుతురును లోపలికి లాక్కోవడానికి చేసిన గాజు. సూర్యుడు వాలినప్పుడు కళ్ళకి మాత్రం మెరుపు కొడుతుంది. ఎండిన ఇసుక, సిమెంటు నేల నుంచి వచ్చే ప్రతిఫలనం దానికంటే ఎక్కువ, ఇసుక సుమారు 15 శాతం యూవీని తిరిగి పైకి పంపుతుంది. టోపీ ఉన్నా గడ్డం కింద కమిలేది అందుకే.

మంగు మచ్చలున్నవాళ్ళకి మామూలు సన్‌స్క్రీన్ చాలదు. ముందు చెప్పిన మామూలు వెలుతురును ఆపేది ఐరన్ ఆక్సైడ్, అంటే రంగు కలిపిన సన్‌స్క్రీన్లు. పెట్టె వెనక సీఐ 77491, 77492, 77499 అనే అంకెలున్నాయా చూడండి. ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు అవి. రంగు కలిపినవాటిలో ఎక్కువ భాగం లేత రంగుకే చేస్తారు, అందుకే దవడ మీద చుక్క పెట్టి కలుస్తుందో లేదో చూశాకే కొనాలి.

ఆక్యుపేషనల్_నర్సు_రామగుండం

కమిలినవాళ్ళకి సైటులో చేయాల్సింది చెప్తాను.

నీడలోకి తీసుకెళ్ళి చల్లటి నీళ్ళు 10, 15 నిమిషాలు ధారగా పోయాలి, లేదా తడి నూలుగుడ్డ కప్పి వేడెక్కినప్పుడల్లా మార్చాలి. ఐసు నేరుగా పెట్టకూడదు, కమిలిన చర్మం మీద అది ఇంకో దెబ్బ. టూత్‌పేస్టు, పసుపు, వెన్న, ఇంకు, ఏదీ రాయొద్దు. తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజరో, కలమైన్ లోషనో రాయవచ్చు. పొక్కులు చిదమొద్దు. నొప్పికి పెద్దవాళ్ళకి పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు. బ్రూఫెన్ రకం మాత్రలు ఇవ్వొద్దు, చెమటలో నీరు పోయి ఎండిపోయిన మనిషి కిడ్నీల మీద అవి భారం. ఓఆర్‌ఎస్ తాగించండి. కమిలిన చోటు నయమయ్యేదాకా గుడ్డ కిందే ఉండాలి, అంటే కనీసం వారం రోజులు నీడ పని.

అరచేతికంటే ఎక్కువ మేర బొబ్బలు లేస్తే, జ్వరం, చలి, వాంతులు ఉంటే ఆసుపత్రికి. తడబడి మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ, చర్మం సంగతి తర్వాత, ముందు 108కి ఫోన్ చేసి ఒళ్ళంతా తడిపి గాలి తగలనివ్వాలి.

కొబ్బరి_తోట_అంబాజీపేట

కొబ్బరి నూనె రాసుకుంటే చాలదా? మా దగ్గర రేవుల్లో పనిచేసేవాళ్ళు అదే రాస్తారు.

ఫార్మసీ_గుంటూరు

చాలదండి. కొబ్బరి నూనె చర్మం పొడిబారకుండా కాపాడుతుంది, రాత్రి పడుకునేముందు రాసుకుంటే మంచిదే. యూవీని ఆపే బలం దానికి లెక్కలోకి తీసుకునేంత లేదు. పొద్దున నూనె రాసి దానిమీద సన్‌స్క్రీన్ రాస్తే ఆ క్రీము పట్టదు, చెమటతో జారిపోతుంది.

సైటు గారూ, కొన్నాక జరిగే తప్పులు ఇవి. ట్యూబులు రేకుల షెడ్డులో పెడితే లోపల నూనె, నీరు విడిపోతాయి. పిండగానే నీళ్ళు కారితే పారేయండి. తాగునీళ్ళ కుండలు పెట్టే నీడలోనే పెట్టెలో ఉంచండి. పెట్టె మీద తెరిచిన తేదీ రాయండి.

రాయడం: 6 గంటలకి పని మొదలైతే మొదటిసారి 7:30కి, ఎండ గట్టిపడే ముందు. ముఖం ఉత్తనీళ్ళతో కడిగి, తుడవకుండా అద్ది, రెండు వేళ్ళ గీతలు. నుదుటి మీద రాసింది చెమటతో కళ్ళలోకి దిగి మండుతుంది, "ఇది పడలేదు" అని మానేసేది ఎక్కువ దీనివల్లే. హెల్మెట్ అంచు నీడ నుదుటికి ఉంటుంది కాబట్టి కనుబొమల పైన ఒక వేలి వెడల్పు వదిలేయమనండి. చెవి పైఅంచు, ముక్కు దూలం, కింది పెదవి అంచు ఎవరూ రాయరు, అక్కడే కమిలేది. రెండోసారి మధ్యాహ్నం 2:45కి, మళ్ళీ కడిగాకే. దుమ్ము మీద రాస్తే ఉండలు కట్టి రాలిపోతుంది.

మొదటి రోజు అందరికీ పంచకండి. ముంజేయి లోపలివైపు చుక్క రాసి రెండు రోజులు చూడమనండి, దురదొస్తే వేరే రకం.

సైటు_సేఫ్టీ_కర్నూలు

ఒక్కటే మిగిలింది. కొందరికి మెడ వెనక నల్లగా, మందంగా ఉంది. అది ఎండ నలుపేనని రాయి పెట్టి రుద్దుతున్నారు. తెర కడితే పోతుందా?

చర్మవైద్యురాలు_కడప

ముట్టుకుంటే మఖ్మల్ గుడ్డలా మెత్తగా, గీతలుగా మందంగా ఉంటే, చంకల్లో కూడా అలాగే ఉంటే అది ఎండ నలుపు కాదు. చంకల్లో ఎండ పడదు కదా. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు వచ్చే మార్పు అది. రుద్దితే ఇంకా నల్లబడుతుంది. వాళ్ళకి పరగడుపున చక్కెర పరీక్ష, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష) చేయించండి, బరువు, నడుము చుట్టుకొలత రాయించండి. మెడ తెర మాత్రం అందరితోపాటు వాళ్ళకీ ఇవ్వండి.